లోకం ఎప్పుడు మునుగుతది?



"లోకం మునుగుతదటనే! ఇక ఎవుసం ఎందుకు? పిల్లల పెండ్లి ఎందుకు?"

ఇలాంటి మాట పల్లెల్లో ఎన్నోసార్లు లేచింది. 1962 ఫిబ్రవరిలో గ్రహాలన్నీ ఒక్కచోట చేరుతున్నాయని భయపడ్డారు. దేశమంతా యజ్ఞాలు చేశారు. లోకం మునగలేదు. 2012 డిసెంబరు 21న అంతా అయిపోతుందన్నారు. మర్నాడు ఎప్పటిలాగే తెల్లవారింది.

1979 సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అమెరికా 1973లో ఆకాశంలోకి ఒక పెద్ద ప్రయోగశాలను పంపింది. దాని పేరు స్కైలాబ్. బరువు సుమారు 77 టన్నులు. అది కింద పడబోతుందని రేడియోలో చెప్పారు. తెలుగు పల్లెలు వణికిపోయాయి. "ఎట్లాగూ చస్తాం, తినిపోదాం" అని కొందరు కోళ్లను, మేకలను కోసుకున్నారు. ఆ రోజుల్లో పుట్టిన కొందరు పిల్లలకు స్కైలాబ్ అనే పేరు పెట్టారు.

జూలై 11న అది పడింది. ఎక్కడ? హిందూ మహాసముద్రంలో. కొన్ని ముక్కలు ఆస్ట్రేలియాలో పడ్డాయి. ఏ మనిషికీ దెబ్బ తగల్లేదు. ఇక్కడ మాత్రం కోళ్ల గూళ్లు ఖాళీ అయ్యాయి. లోకం పోలేదు. పేదవాళ్ల సొత్తు పోయింది.

మరి భూమికి అసలు అంతమే లేదా? ఉంది. అది ఎట్లా వస్తుందో తెలుసుకుందాం.

పొయ్యిలో కట్టెలు అయిపోతే మంట ఆరిపోతుంది. సూర్యునిలో కట్టెలు లేవు. హైడ్రోజన్ అనే వాయువు ఉంది. సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ మరో వాయువుగా మారుతుంది. దాని పేరు హీలియం. ఈ మార్పులోనే వేడి, వెలుగు పుడతాయి.

"అంత దూరాన ఉన్నది వీళ్లకెట్ల తెలిసింది?" అని అడగాలి. అడగడం మంచిది. సూర్యుని వెలుగును రంగులుగా విడదీసి చూస్తే అందులో ఏ వాయువు ఉందో తెలుస్తుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. ఫ్రాన్సు శాస్త్రవేత్త జాన్సన్ గుంటూరుకు వచ్చి ఈ పద్ధతిలోనే చూశాడు. సూర్యుని అంచున లేచేవి వాయువుల జ్వాలలని తేలింది.

సూర్యుని వయసు సుమారు 460 కోట్ల ఏండ్లు. ఇంకా సుమారు 500 కోట్ల ఏండ్లకు సరిపడా హైడ్రోజన్ ఉంది. కానీ సూర్యుని వేడి మెల్లమెల్లగా పెరుగుతోంది. ఇంకో 100 కోట్ల ఏండ్లకు సముద్రాలు ఎండిపోవచ్చు. ఆ తర్వాత చాలా కాలానికి సూర్యుడు ఎర్రగా, బాగా ఉబ్బుతాడు. బుధుణ్ణి, శుక్రుణ్ణి మింగుతాడు. భూమినీ మింగవచ్చు. లేదా భూమి మాడి మిగలవచ్చు. చివరికి సూర్యుడు చిన్న నిప్పుకణికలా మారి చల్లబడతాడు. ఒక్కొక్కటిగా చుక్కలన్నీ ఆరిపోతాయి. విశ్వం చీకటై, చల్లగా మిగులుతుందని చాలామంది శాస్త్రవేత్తల అంచనా.

100 కోట్ల ఏండ్లు అంటే ఎంత? ఒక ఏడుకు ఒక వడ్లగింజ లెక్కపెట్టండి. నూరేండ్ల మనిషికి నూరు గింజలు. చిటికెడు! దొడ్డు వడ్లు కిలోకు సుమారు 45 వేల గింజలు తూగుతాయి. 100 కోట్ల గింజలంటే 220 క్వింటాళ్లు. 75 కిలోల బస్తాలు సుమారు 300. కోతల కాలంలో మిర్యాలగూడ రైస్ మిల్లుల ముందు నిలబడే వడ్ల లారీలను చూశారు కదా! ఒక పెద్ద లారీ నిండుతుంది. మనిషి బతుకు చిటికెడు. సముద్రాలు ఎండేదాకా మిగిలిన కాలం లారీ నిండా.

"నడుమ ఏ రాయో వచ్చి గుద్దితే?" అది నిజమైన ప్రమాదమే. 6 కోట్ల 60 లక్షల ఏండ్ల కింద అట్లాంటి పెద్ద రాయి పడి రాక్షస బల్లులు నశించాయి. అందుకే శాస్త్రవేత్తలు ఆకాశాన్ని కనిపెట్టి చూస్తున్నారు. 2022 సెప్టెంబరులో అమెరికా ఒక నౌకను ఆకాశంలోని ఒక రాయికి కావాలనే గుద్దించింది. ఆ రాయి దారి కొంచెం మారింది.

ఇలాంటి పుకారు మళ్లీ వస్తుంది. అప్పుడు మూడు మాటలు అడగండి. ఎవరు చెప్పారు? వాళ్లకెట్లా తెలిసింది? ఇది నమ్మితే లాభం ఎవరికి?

మేకను అమ్మేముందు అడగండి. పుస్తెలు కుదువ పెట్టేముందు అడగండి. జవాబు వచ్చేదాకా నారుమడి పని ఆపకండి. రేపు పొద్దున సూర్యుడు వస్తాడు.