మన పిల్లల పని మన పుస్తకంలోకి ఎక్కాలి

(కర్లపాలెంలో జరిగిన దళిత యువజన శిక్షణ తరగతుల్లో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మాకిచ్చిన అంశం చూడడానికి చిన్నది. మన యువజన సంఘంలో పిల్లలు ఏం నేర్చుకున్నారో, ఏం సాధించారో ఎట్లా రాసి పెట్టుకోవాలి అని. చిన్నదే గాని దీని వెనక పెద్ద కథ ఉంది.

మా తరం వాళ్ళని పుట్టినరోజు ఎప్పుడని అడిగి చూడండి. పల్లెలో చాలామంది జూలై 1 అంటారు. అందరూ ఒక్క రోజే పుట్టారా? బడిలో వేసేటప్పుడు అమ్మానాన్నలకి తారీఖు తెలియదు. పంతులు అంచనా కట్టి ఒక తేదీ వేసేశాడు. "నాట్లు అయిపోయినాక, ముసురు పట్టినప్పుడు పుట్టావురా" అని అమ్మ చెప్తుంది. అమ్మ చెప్పిందే నిజం. కాని సర్కారు నమ్మేది అడ్మిషన్ రిజిస్టరుని. ఉద్యోగం ఆ తేదీతోనే, రిటైరుమెంటూ ఆ తేదీతోనే. భూమి సంగతీ అంతే. దున్నేది మనం, అడంగల్లో రాసేది కరణం. 1984లో కరణాల వ్యవస్థ పోయింది, కలం మాత్రం మన చేతికి రాలేదు. మన గురించి ఎప్పుడూ ఎదుటివాడే రాశాడు. రాయడం ఇష్టం లేకపోతే రాయకుండా ఊరుకున్నాడు.

ఇది పాత సంగతి అనుకోకండి. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకి వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు, ఆ బ్యారేజీ ఎన్నడూ చూడని నీళ్ళు. కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె వైపు లంక గ్రామాలు మునిగాయి. మన పల్లె పిల్లలు ఏడుగురు వెళ్ళారు. నాలుగు రోజులు పడవల మీద అన్నం పొట్లాలు, మంచినీళ్ళు మోశారు. ముసలివాళ్ళని భుజాన వేసుకొని గట్టు మీదికి చేర్చారు. తర్వాత ఒకచోట సన్మానం జరిగింది. గట్టు మీద నిలబడి ఫొటో దిగినవాళ్ళకి శాలువాలు కప్పారు. మన పిల్లల్ని పిలవలేదు. అడిగితే "మీవాళ్ళు వచ్చినట్టు మా దగ్గర లిస్టులో లేదే" అన్నారు. ఆ మాటకి మన దగ్గర జవాబు ఏముంది? ఏ తారీఖున వెళ్ళారు, ఏ లంకకి వెళ్ళారు, ఎవరెవరు వెళ్ళారు అన్న కాగితం మన దగ్గరా లేదు. శాలువాతో మనకి పని లేదు. కాని ఆ ఏడుగురిలో ఇద్దరు ఇప్పుడు ఉద్యోగాలకి తిరుగుతున్నారు. "సమాజసేవ అనుభవం ఏమిటి" అని దరఖాస్తులో గడి ఉంటే అందులో గీత గీసి ఇస్తున్నారు.

గీత గీయకుండా ఉండాలంటే ఏం కావాలో తెలుసుకోవాలి. ఎన్.ఎస్.ఎస్. సంగతి చూడండి. 1969 సెప్టెంబరు 24న, గాంధీ శతజయంతి యేడు, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేలమందితో మొదలైన పథకం అది. అందులో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళలో 240 గంటలు పని చెయ్యాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పూర్తి చెయ్యాలి. అప్పుడే సర్టిఫికెట్టు. ఈ గంటలు రాసుకోడానికే డైరీ ఉంటుంది. మన పిల్లలు ఏం చేస్తారు? చీపురు పట్టేచోట ముందుంటారు, డైరీ రాసేచోట వెనక ఉంటారు. డైరీ రాయడం కూడా పనిలో భాగమే అని వాళ్ళకి చెప్పిన మనిషి ఇంట్లో లేడు, ఎందుకంటే ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కిన మొదటివాడు వాడే. పై కులాల ఇళ్ళల్లో ఈ సంగతి అన్నం తినేటప్పుడు మాటల్లో తెలిసిపోతుంది. మనం మీటింగు పెట్టి చెప్పుకోవాలి.

ఆటలదీ అదే కథ. మా దగ్గర చదివిన ఒక చెల్లెలు కబడ్డీలో విశ్వవిద్యాలయం జట్టుకి ఎంపికై అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడింది. పేరు చెప్పం. చేతికి రంగు కాగితం ఒకటి వచ్చింది, దాన్ని అట్ట మీద అంటించి గోడకి కొట్టారు. వానకి గోడ నెమ్మెక్కి కాగితం పోయింది. నాలుగేళ్ళకి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి క్రీడల కోటా కింద దరఖాస్తు పెడితే రంగు కాగితం కాదమ్మా, ఫారం కావాలన్నారు. కేంద్రం లెక్కలో అంతర్జాతీయ పోటీలకి ఫారం 1, జాతీయ పోటీలకి ఫారం 2, అంతర విశ్వవిద్యాలయ పోటీలకి ఫారం 3, జాతీయ పాఠశాల క్రీడలకి ఫారం 4. ఒక్కోదాని మీద ఒక్కో అధికారి సంతకం. ఆ చెల్లెలు ఆ సంతకం కోసం తిరిగేసరికి ఆనాటి అధికారి మారాడు. ఏ యేడు, ఏ ఊళ్ళో, ఏ తేదీల్లో పోటీ జరిగిందో చెప్పమంటే ఆమెకి ఊరు ఒక్కటే గుర్తుంది. గడువు దాటింది. ఇప్పుడు రొయ్యల ఫ్యాక్టరీ బస్సు ఎక్కుతోంది. ఆట వచ్చు, ఆడింది, గెలిచింది. లేనిదల్లా ఒక రూలు పుస్తకంలో నాలుగు వరసలు.

కొందరు పెద్దలు అంటున్నారు, చేసింది చెప్పుకోవడం డప్పు కొట్టుకోవడం కాదా అని. డప్పు కొట్టడం మనకి కొత్తా? ఇన్నాళ్ళూ ఊరివాళ్ళ పెళ్ళికీ చావుకీ కొట్టాం. మన పిల్లల కోసం ఒకసారి కొట్టుకుంటే తప్పేమిటి?

అయినా ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు, సాక్ష్యం పెట్టుకోవడం. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్ళు తాగారు. అది మనందరికీ తెలుసు. ఆ తర్వాత పదేళ్ళు కోర్టు కేసు నడిచిందని చాలామందికి తెలియదు. అంటరానివాళ్ళని ముట్టనివ్వకపోవడం అనాదిగా వస్తున్న ఆచారం అని సవర్ణులు దావా వేశారు. ఆ చెరువు అందరికీ తెరవాలని 1924లోనే మహద్ మునిసిపాలిటీ చేసిన తీర్మానం కాగితం మీద ఉంది. అనాది ఆచారానికి మాత్రం రుజువు చూపలేకపోయారు. 1937లో బొంబాయి హైకోర్టులో బాబాసాహెబ్ పక్షం గెలిచింది. నీళ్ళు తాగడం ఒక రోజు పని. దాన్ని కాగితాల్లో నిలబెట్టడం పదేళ్ళ పని.

ఇక మన పక్కనే చుండూరు. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకొని పోరాడితే 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. ఎప్పుడు జరిగింది, ఎక్కడ జరిగింది, ఎవరు చేశారు అన్నది రుజువు కాలేదంది. సాక్షులది తప్పని మేము అనం. ప్రాణం కోసం చేలల్లో పరిగెత్తే మనిషి గడియారం చూసుకుంటాడా? కాని ఈ వ్యవస్థ మనల్ని అడిగే ప్రశ్నలు ఏవో ఆ తీర్పులో తెలుస్తున్నాయి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు. చావుకైనా అవే అడుగుతుంది, ఉద్యోగానికైనా అవే అడుగుతుంది. ఆ మూడూ రాసే అలవాటు మన పిల్లలకి ఆట దగ్గరా, పాట దగ్గరా మొదలు కావాలి.

ఇది మనకి చేతకాదనే మాట వద్దు. మన ఇళ్ళల్లో అమ్మలు డ్వాక్రా పుస్తకాలు ఇరవై ముప్పయ్యేళ్ళుగా నడుపుతున్నారు. వాళ్ళ పంచసూత్రాల్లో క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, వీటితోపాటు అయిదోది పుస్తకాల నిర్వహణ. సంతకం నేర్చుకున్నదే ఆ తీర్మానాల పుస్తకంలో పెట్టడానికి. బ్యాంకువాడు ఆ పుస్తకం చూసే అప్పు ఇచ్చాడు, మన మొహం చూసి ఇవ్వలేదు. డిగ్రీ చదివిన కొడుకులు అమ్మల దగ్గర కూచొని నేర్చుకోవాలి.

ఎట్లా రాయాలంటే, ఒక బైండు పుస్తకం కొనండి. ముందే పేజీలకి నంబర్లు వెయ్యండి, కాగితం చించితే తెలియాలి. సిరాతో రాయండి. ప్రతి బిడ్డకీ రెండు పేజీలు. తేదీ, చోటు, చేసిన పని, ఎంతసేపు, చూసినవాళ్ళ సంతకం. "పాల్గొన్నాడు" అని రాసి వదిలెయ్యొద్దు, ఆ మాటకి అర్థం లేదు. కానిస్టేబుల్ పరీక్షకి 1600 మీటర్లు పరిగెత్తే తమ్ముడు ఉన్నాడు. వారం వారం ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి. మొదటి వారం తొమ్మిది నిమిషాలు, మూడో నెలలో ఏడుంబావు అని కనపడితే వాడికి వాడే నమ్మకం అవుతాడు. పెరగకపోతే అదీ రాయండి, శిక్షణ ఎక్కడ తప్పుతోందో తెలుస్తుంది. మొక్కలు యాభై నాటి పన్నెండు బతికితే పన్నెండనే రాయండి. ఒక్క అబద్ధం దొరికితే పుస్తకం మొత్తం అబద్ధమంటారు. మనమీద అనుమానం ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

ఆడపిల్లల పేజీలు ఖాళీగా ఉండడం చాలా సంఘాల్లో చూస్తున్నాం. సాయంత్రం బడిలో చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దించేది వాళ్ళే, అంబేద్కర్ జయంతికి లెక్కలు చూసేదీ వాళ్ళే. అడిగితే "మా చెల్లి సాయం చేసింది" అంటారు. సాయం కాదు, పని. గంటలు వేసి రాయండి.

ఇంకో మాట కూడా కటువుగానే చెప్తాం. మాలపల్లెకి ఒక పుస్తకం, మాదిగపల్లెకి ఒక పుస్తకం అంటే మేము ఒప్పుకోం. ఒకటే పుస్తకం, రాసే మనిషి ఆరు నెలలకి మారాలి. ఒకసారి అటునుంచి, ఒకసారి ఇటునుంచి. నాయకుడి ఇంట్లో బీరువాలో పెట్టడానికి వీల్లేదు. అందరికీ కనపడేచోట, సంఘం గదిలో ట్రంకుపెట్టెలో ఉండాలి, తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉండాలి.

వచ్చే ఆదివారం ఉదయం ఇక్కడే కూచుందాం. ఇళ్ళల్లో పెట్టెల్లో, పరుపుల కింద ఉన్న సర్టిఫికెట్లు, ఆటల కాగితాలు, ఎన్.సి.సి., ఎన్.ఎస్.ఎస్. కాగితాలు అన్నీ తీసుకురండి. చిరిగినవి కూడా తెండి. బాపట్లలో జిరాక్సుకి అయ్యే డబ్బు సంఘం పెడుతుంది. లంకలకి వెళ్ళిన ఏడుగురూ తప్పకుండా రావాలి, వాళ్ళ నాలుగు రోజులతోనే మొదటి పేజీ రాస్తాం. పడవ నడిపిన అన్నని సంతకానికి పిలిచాం, వస్తానన్నాడు.

జై భీమ్.