పేరు చివరి తోక



దస్త్రపు అట్టపై వ్రాసిన శీర్షికకు ఎంతటి అధికారము గలదో సచివాలయోద్యోగులకు తెలియనిది కాదు. లోపలి కాగితములు మారినను, శీర్షిక మారనంతకాలము దస్త్రము పాత సెక్షనుకే పోవుచుండును. కంప్యూటరు ఫైళ్లకును ఇదే గతి. పేరులో చుక్క తరువాత వచ్చు రెండుమూడక్షరముల తోకనుబట్టి ఆ ఫైలు ఏ భాషలోనిదో యంత్రము ఊహించుకొనును.

విమ్ అను టెక్స్టు ఎడిటరు చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనము. బ్రామ్ మోలెనార్ దీనిని 1991లో విడుదల చేసెను. 1998 నాటి 5.0 కూర్పుతో సింటాక్స్ హైలైటింగ్, అనగా ప్రోగ్రాములోని పదములకు వాటి ధర్మమునుబట్టి రంగులద్దు సౌకర్యము, అందు చేరినది. ఏ తోక ఏ భాషదో తెలుపు పట్టిక యొకటి ఎడిటరుతోడనే వచ్చును. పట్టిక భాషను నిర్ణయించిన పిమ్మట ఆ భాషకు తగిన రంగుల నియమావళి అమలగును.

ఆ పట్టికయందు ‘ఎమ్‌డి’ అను తోక చాలకాలము మాడ్యులా-2 భాషకు చెందియుండెను. అది పాస్కల్ సృష్టికర్త నిక్లాస్ విర్త్ రూపొందించిన భాష. 2004లో జాన్ గ్రూబర్ మార్క్‌డౌన్ అను సులభ రచనాపద్ధతిని ప్రకటించెను. ఆ ఫైళ్లకును జనులు ఎమ్‌డి తోకనే తగిలించిరి. ఆంగ్ల వాక్యములలో ఒంటి కొటేషన్ గుర్తు సర్వసామాన్యము. మాడ్యులా-2లో నన్ననో అది ఒక పాఠ్యఖండమునకు ఆరంభము. అందుచే మామూలు వాక్యములకు అక్కరలేని రంగు పడెను. శీర్షికలకు పడవలసిన రంగు పడకపోయెను.

వాడువారు ఎవరికివారే తమ సెట్టింగులలో ఒక పంక్తి చేర్చుకొని సర్దుకొనిరి. ఒకే తప్పును అందరును విడివిడిగా దిద్దుకొనుటకన్న మూలపట్టికను ఒక్కసారి దిద్దుట మేలుగదా! కాలక్రమమున పట్టిక మారి, ఎమ్‌డి మార్క్‌డౌన్‌కు దక్కినది. 2016 నాటి ఆర్.ఎఫ్.సి. 7763 పత్రమును ఆ తోకను మార్క్‌డౌన్ పేరనే నమోదు చేసినది.

మరి మాడ్యులా-2లో పాత ప్రోగ్రాములు గలవారి మాట? ఇచ్చటనే విచక్షణ కావలెను. ఆ భాషను ఎడిటరు బహిష్కరింపలేదు. దాని నియమావళి పదిలముగనే యున్నది. ఫైలు మొదటనో చివరనో ఐదు పంక్తులలోపల భాషపేరు తెలుపు ‘మోడ్‌లైను’ వ్రాసినచో, ఆ సౌకర్యము తెరచియున్నచోట, విమ్ దానిని మన్నించును. సొంత సెట్టింగులలో ఒక పంక్తి చేర్చుకొనినను చాలును. ఇక ‘పిఎల్’ తోకను పెర్ల్, ప్రోలాగ్ భాషలు రెండును వాడుచుండుటచే, విమ్ లోపలి పంక్తులను చూచి తీర్పు చెప్పును. అట్టను మాత్రమే చూడక కాగితము తిప్పి చూచు గుమాస్తా వంటిదన్నమాట.

మోలెనార్ 2023 ఆగస్టులోను, విర్త్ 2024 జనవరి 1వ తేదీనను కీర్తిశేషులైరి. పట్టికను మాత్రము స్వచ్ఛంద సేవకులు నేటికిని దిద్దుచునేయున్నారు. పట్టిక నేటి వాడుకను అనుసరింపవలెను. నిన్నటివానికి దారి మూయరాదు. ఈ రెండు ధర్మములును పాటించినప్పుడే సంస్కరణము ఎవరికిని అన్యాయము కాకుండును.