నూరు గింజలలో ఎన్ని మొలచును?

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో ఒక ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



నాకు ఈనాడు అప్పగించిన విషయము సంభావ్యత. ఆ మాట వినగానే వెనుక వరుసలోని పెద్దలు కొందరు గుమ్మమువైపు చూచుచున్నారు. భయపడవలదు. నేను గణితోపాధ్యాయుడను కాను, ప్రచార శాఖ ఉద్యోగిని. కళాశాలలో చదివిన గణితములో సగము ఏనాడో మరచితిని. మరువని భాగమును మాత్రమే, అదియు ఒక విత్తనపు బస్తా తగవు ద్వారా, మీకు మనవి చేయదలచితిని.

కొన్ని ఏండ్ల క్రిందట సార్వా నారుమడులకు ముందు నేనొక గ్రామమునకు వెళ్ళితిని. పంచాయతీ కార్యాలయము ముందు ఇరువురు రైతులు గట్టిగా వాదించుకొనుచుండిరి. ఇద్దరును ఒకే దుకాణములో ఒకే లాటుకు చెందిన వరి విత్తనము కొనిరి. ఒకరు నూరు గింజలు లెక్కించి తడి గోనెలో చుట్టి చూడగా 74 మొలచినవి. రెండవవారికి నూటికి 83 మొలచినవి. బస్తా చీటీపై మొలక శాతము కనీసము 80 అని ఉన్నది. “ఇది దొంగ విత్తనము, అంతయు వాపసు చేయించండి” అని మొదటివారి పట్టు. “గోనె తడి ఆరిపోకుండ చూచుకొనుట నీకు చేతకాలేదు” అని రెండవవారి ఎత్తిపొడుపు. సర్పంచిగారు నావైపు తిరిగి, “చదువుకొన్నవారు, మీరు చెప్పండి. వీరిలో ఎవరి లెక్క తప్పు?” అని అడిగిరి.

ఇది చిన్న తగవు కాదు. చెడ్డ విత్తనము నారుమడిలో పడినచో మరల నారు పోయవలెను. ఈలోగా కాలువ నీటి వంతు దాటిపోవును, నాట్లు వెనుకబడును. మంచి విత్తనమును అనుమానముతో వాపసు చేసినచో, అదను దాటుచున్న వేళ దానికి బదులు దొరకుననెడి నమ్మకము లేదు. ఏ వైపు పొరబడినను నష్టము రైతుదే.

సర్పంచిగారికి నేనిచ్చిన సమాధానము: ఇద్దరి లెక్కయు సరియైనదే కావచ్చును. అది ఎట్లో చెప్పుటకు మిమ్ము ఒకసారి బడిలోని ఛందస్సు పాఠమునకు తీసికొనిపోవలెను.

మూడక్షరముల గణములు ఎనిమిది. ప్రతి అక్షరము గురువైనను కావలెను, లఘువైనను కావలెను. మూడవ మార్గము లేదు. మూడును గురువులైనది మగణము ఒక్కటే. రెండు గురువులున్నవి యగణము, రగణము, తగణము, అవి మూడు. ఒకే గురువున్నవి జగణము, భగణము, సగణము, అవియు మూడు. గురువే లేనిది నగణము, ఒక్కటి. వరుసగా చెప్పినచో 1, 3, 3, 1. ఇప్పుడు గురువునకు బదులు బొమ్మ, లఘువునకు బదులు బొరుసు అనుకొనుడు. మూడు రూపాయి బిళ్ళలను ఒక్కసారి ఎగురవేసినచో మూడును బొమ్మలు పడుట ఎనిమిదింట ఒక వంతు, రెండు బొమ్మలు పడుట ఎనిమిదింట మూడు వంతులు. అన్నియు ఒకే తీరుగా పడుట అరుదు, కలగలుపుగా పడుట తరచు. నాలుగక్షరములకు ఈ వరుస 1, 4, 6, 4, 1 అగును. పింగళుని ఛందశ్శాస్త్రమునకు పదవ శతాబ్దిలో వ్యాఖ్య రచించిన హలాయుధుడు దీనినే మేరు ప్రస్తారమని వివరించెను. ఐరోపాలో జాకబ్ బెర్నూలీ ఈ లెక్కను సంభావ్యతకు అన్వయించి విస్తరించెను. ఆయన గ్రంథము ఆయన మరణించిన ఎనిమిదేండ్లకు, 1713లో, వెలువడినది. నేటి పాఠ్యపుస్తకములు దీనిని ద్విపద విభాజనము అనుచున్నవి. ద్విపద యనగానే మనకు రంగనాథ రామాయణము గుర్తుకు వచ్చుట సహజము. ఇక్కడ రెండు పదములనగా రెండే ఫలితములని అర్థము: మొలచుట, మొలవకుండుట.

గింజయు ఒక బిళ్ళవంటిదే. అయితే రూపాయి బిళ్ళకు రెండు వైపులును సమానము. 80 శాతపు విత్తనమునకు నూటికి ఎనుబది పాళ్ళు మొలచెడి వైపే మొగ్గు. అట్టి బస్తానుండి నూరు గింజలు తీసినచో సరిగా 80 మొలచునని ఆశించుట పొరపాటు. ఒక పిడికిలిలో మొలచునవి రెండు ఎక్కువ రావచ్చును, మరొక పిడికిలిలో అయిదు తక్కువ రావచ్చును. ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అన్నదే అసలు ప్రశ్న. దానికి సూత్రమున్నది. గింజల సంఖ్యను మొలచు పాలుతో గుణించి, దానిని మొలవని పాలుతో గుణించి, వచ్చిన దానికి వర్గమూలము తీయవలెను. నూరును పదింట ఎనిమిది పాళ్ళతో గుణించిన 80. దానిని పదింట రెండు పాళ్ళతో గుణించిన 16. దాని వర్గమూలము 4. ఈ నాలుగును ప్రామాణిక విచలనమందురు. మనము “అటునిటు” అని పిలుచుకొందము, మాట తేలికగా ఉండును.

ఇట్టి పరీక్షలు వందలకొలది చేసి, వచ్చిన సంఖ్యలను వరుసగా గుర్తించినచో ఏర్పడెడి ఆకారము కళ్ళములో పోసిన ధాన్యపు రాశివలె ఉండును. నడుమ ఎత్తు, ఇరుప్రక్కల వాలు, అంచులలో పలుచన. గింజల సంఖ్య పెరిగిన కొలది ద్విపద విభాజనము ఈ గంట ఆకారమునకు చేరువగునని అబ్రహాం ద మువావ్ర్ 1733లో చూపెను. దీనిని సామాన్య విభాజనమందురు. ఇందులో గుర్తుంచుకొనవలసినవి రెండే సంఖ్యలు. సగటునుండి ఒక “అటునిటు” లోపల నూటికి సుమారు 68 ఫలితములు పడును. రెండింటి లోపల సుమారు 95. కనుక 80 శాతపు విత్తనమును నూరు గింజలతో పరీక్షించినచో 72 మొదలు 88 వరకు ఏది వచ్చినను ఆశ్చర్యపడవలసినది లేదు. 74, 83 రెండును ఆ హద్దుల లోపలివే. ఇద్దరు రైతులును సత్యము పలికిరి. తగవు పెట్టినది యాదృచ్ఛికత.

అట్లయిన విత్తనము మంచిదని తేలినట్లా? లేదు. నూరు గింజలు సత్యమును అంత సూక్ష్మముగా చెప్పజాలవు. విత్తన పరీక్షాశాలలలో నూరేసి చొప్పున నాలుగు సార్లు, మొత్తము 400 గింజలు పరీక్షించుట ఇందువలననే. 400 గింజలకు సగటు 320, “అటునిటు” 8. ఎనిమిది పెద్ద సంఖ్యగా కనబడును గాని 400లో అది రెండు శాతమే. నూరింట నాలుగు నాలుగు శాతము. అనగా గింజలు నాలుగు రెట్లయినచో సందేహము సగమగును. సందేహమును మరల సగము చేయవలెనన్నచో 1,600 గింజలు కావలెను. ఈ బేరము ఖరీదైనది. కనుకనే ఎక్కడనో ఒకచోట ఆగవలెను.

సర్పంచిగారు ఆ లాటునుండి మరి రెండు నూరులు తీయించి పరీక్షింపజేసిరి. 79, 81 వచ్చినవి. నాలుగును కలిపి 317. ఆశించిన 320కి మూడే తక్కువ. ఆ విత్తనమును నారుమడులలో చల్లిరి.

కథ ఇంతటితో ముగియలేదు. ఆ తగవు నడచుచుండగా మరొక రైతు ప్రక్కన నిలిచి చిరునవ్వుతో వినుచుండెను. ఆయన విత్తనము వేరొక లాటు. ఆయన ఇంట ఒక గిన్నెలో పది గింజలు నానవేయగా ఎనిమిది మొలచినవట. “నాది సరిగ్గా ఎనుబది శాతము, నాకు దిగులు లేదు” అనెను. నాకు దిగులు కలిగినది. ఏలయన మొలక శాతము 70 మాత్రమే ఉన్న విత్తనమునుండి పది గింజలు తీసినను, ఎనిమిదిగాని అంతకు ఎక్కువగాని మొలచుట పది పరీక్షలలో దాదాపు నాలుగింట జరుగును. మరియొక వైపు, నిజముగా 80 శాతమున్న విత్తనములో పదింట ఆరో అంతకు తక్కువో మొలచుట ఎనిమిదింట ఒకసారి జరుగును. పది గింజల పరీక్ష జాతకమువంటిది. మంచి చెప్పినను నమ్మరాదు, చెడు చెప్పినను నమ్మరాదు. మా బలవంతముపై ఆయన 400 గింజలు పరీక్షించెను. మొలచినవి 281. ఆశించిన దానికి 39 తక్కువ, అనగా దాదాపు అయిదు “అటునిటులు”. మంచి విత్తనమునకు ఇట్టి ఫలితము యాదృచ్ఛికముగా వచ్చునని నమ్ముట కష్టము. ఎవరును అనుమానింపని బస్తాయే చెడ్డది. ఆయన వ్యవసాయాధికారికి తెలుపగా వారు నమూనా తీసి పరీక్షాశాలకు పంపిరి. దుకాణదారు విత్తనము మార్చి ఇచ్చెను. గోనె పరీక్ష మనకు మనము తెలిసికొనుటకే గాని, 1966 విత్తనముల చట్టము క్రింద సాక్ష్యమునకు అధికారి తీసిన నమూనాయే కావలెనని మీరు మరువరాదు.

మొలక విషయములో లెక్క అవును, కాదు అన్నదే. పంట దిగుబడి అట్లు కాదు. అది తూచెడి వస్తువు. అక్కడ సామాన్య విభాజనము నేరుగా పనికి వచ్చును. పంట కోత ప్రయోగములను మీలో పలువురు చూచియే యుందురు. యాదృచ్ఛిక నమూనాతో పంటను అంచనా కట్టెడి పద్ధతులను మన దేశములో పెంపొందించిన వారిలో ప్రశాంతచంద్ర మహలనోబిస్, పాండురంగ సుఖాత్మె ముఖ్యులు. మహలనోబిస్ 1931లో కలకత్తాలో స్థాపించిన భారత గణాంక సంస్థలోనే, ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివిన మన తెలుగువారు సి. ఆర్. రావుగారు 1941లో చేరి, ప్రపంచ ప్రఖ్యాతి గడించి, 2023లో కీర్తిశేషులైరి.

వరికి సాధారణముగా అయిదు మీటర్ల చదరము కోయుదురు. అది 25 చదరపు మీటర్లు. ఎకరాలో దాదాపు 162వ వంతు. కనుక ఆ చదరములో ఒక కిలో ధాన్యము నేల రాలినను, తూకములో ఎగిరిపోయినను ఎకరాకు 162 కిలోల తేడా వచ్చును. 2016లో ప్రారంభించిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నియమావళిలో ముఖ్య పంటకు గ్రామ పంచాయతీ ఒక్కింటికి కనీసము నాలుగు ప్రయోగములని ఉన్నది. ఊహకు ఒక గ్రామములో ఎకరా సగటు 20 క్వింటాళ్ళు, చేనుకు చేనుకు “అటునిటు” 4 క్వింటాళ్ళు అనుకొందము. నాలుగు చేల సగటునకు “అటునిటు” 2 అగును. అనగా నిజమైన సగటు 20 అయినను, నాలుగు కోతల లెక్క 16 మొదలు 24 వరకు ఎక్కడనైనను పడవచ్చును. పరిహారపు గీత 18 వద్ద ఉన్నదనుకొనుడు. రాని పరిహారము వచ్చుటకును, రావలసినది రాకపోవుటకును ఇక్కడ చోటున్నది.

ఈ యాదృచ్ఛికతను పంచాయతీ తొలగింపజాలదు. అయితే దానికి తోడుగా పక్షపాతము చేరకుండ చూడగలదు. ఏ సర్వే నంబరు, చేనులో ఏ చోటు అనునది ముందే యాదృచ్ఛిక సంఖ్యలతో నిర్ణయింపబడును. “ఆ చేను దూరము, ఈ గట్టు ప్రక్కది కోయండి” అని ఎవరైనను అన్నప్పుడు ఊరకుండరాదు. పాపమని ఎండిన చేను చూపుటయు, గౌరవము కొరకు బాగుగా పండిన చేను చూపుటయు ఒకే దోషము. అట్లు మార్చిన క్షణమున ధాన్యపు రాశి సూత్రములేవియు వర్తింపవు.

వర్తింపని చోట్లు మరికొన్ని గలవు. కాలువ మొదటి భూములును చివరి భూములును ఒకే గ్రామములో ఉన్నచో దిగుబడి ఒక రాశిగా కాక రెండు రాశులుగా ఏర్పడవచ్చును; రెంటికిని కలిపి తీసిన సగటు ఏ రైతు చేనుకును సరిపడదు. అట్లే, గింజలు ఒకదానితో ఒకటి సంబంధము లేక మొలచునని మనము అనుకొంటిమి. సంచి అంతయు చెమ్మగిల్లినచో అన్నియు కలిసియే చెడును. అందువలన గింజలను బస్తా పైనుండి, నడుమనుండి, అడుగునుండి తీసి కలుపవలెను. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెనవంటిది వచ్చినప్పుడు చేలన్నియు ఒక్క దెబ్బతో పోవును. అచ్చట “అటునిటు” లెక్కలతో పనిలేదు.

ఇక నా మాటలు చాలును. గుమ్మము వద్ద ఒక వరి విత్తనపు బస్తా ఉన్నది. చీటీపై 80 శాతమని ఉన్నది. మీరు నలభై మంది ఉన్నారు. ఒక్కొక్కరు నూరేసి గింజలు, లావువి ఏరకుండ, చేతికి వచ్చినవి వచ్చినట్లు తీసికొని ఇంటివద్ద తడి గోనెలో చుట్టి, ఎన్ని మొలచినవో వచ్చే తరగతికి వ్రాసి తెండి. ఈ నల్లబల్లపై గుర్తించి రాశి ఏర్పడునో లేదో చూతము. చీటీ చెప్పినది నిజమైనచో మీలో ఒకరికో ఇద్దరికో 72 కంటె తక్కువగాని 88 కంటె ఎక్కువగాని రావచ్చును. వారు సిగ్గుపడి అంకెను సవరించక, వచ్చినది వచ్చినట్లే తెలుపవలెనని నా ప్రార్థన.