ఇంట్లో పాట పట్టుకోవడానికి ఏ మిక్సరు?

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయింది, కవిత్వాలు అయినవి, ఇప్పుడు ఈ మిక్సర్ల మీద ప్రసంగమేమిటని కొందరికి నవ్వు రావచ్చు. ఇందాక వెనుక వరుసలో ఒక అక్కయ్యగారు వంటింటి మిక్సీ గురించే అనుకొన్నారు. అందులో తప్పులేదు. రెండూ కలిపేవే. నేను చెప్పబోయేది కూడా ఆ కలపడం ఎప్పుడు జరగాలి అన్నదాన్ని గురించే.

ఇక్కడ హుబ్బళ్ళిలో మనవాళ్ళు నాలుగైదు ఇళ్ళవారు ఇంట్లో ఒక గది సర్దుకొని పిల్లల సంగీతమూ, పెద్దవాళ్ళ పాటలూ రికార్డు చేసుకోవాలని ఉత్సాహపడుతున్నారు. ఏ మిక్సరు కొనాలని నన్ను అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు సభలోనే చెప్పమని కార్యదర్శిగారి ఆజ్ఞ. నేను సౌండు ఇంజనీరును కాను. రైల్వే ఆఫీసులో గుమాస్తాను, చదివింది మెట్రిక్కు. భజన మందిరాలలో మైకులు సర్దిన అనుభవం మాత్రం కొన్నేళ్ళుగా వుంది.

నాకు ఈ పిచ్చి ఎందుకు పట్టిందో ముందు మనవి చేస్తాను. మా వూరు తిరుమణి. తుమకూరు జిల్లా, పావగడ తాలూకా. రాజ్యం కర్ణాటకమే గాని తాలూకా చుట్టూ దాదాపు అన్ని దిక్కులా ఆంధ్ర సరిహద్దే. తాలూకా కచేరీలో కన్నడం, ఇంట్లో తెలుగు. ఈ మధ్య మా వూరి పేరు పత్రికలలో పడుతున్నది, పాటల వల్ల కాదు, ఎండ వల్ల. తిరుమణి, బాలసముద్రం, వళ్ళూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు, ఈ ఐదు గ్రామాల పొలాలలో సుమారు 13,000 ఎకరాలు గుత్తకు తీసుకొని సౌర విద్యుత్తు పార్కు కట్టారు. 2018లో మొదటి భాగం ప్రారంభమై, 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరింది. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల గుత్తతో మొదలు. వాన నమ్ముకొని చెనక్కాయ వేసి నష్టపోయిన రైతుకు అది నిలకడైన రాబడి. దాన్ని నేను తప్పుపట్టను. అయితే చేను లేకపోతే కలుపు లేదు, కలుపు లేకపోతే కలుపు పాట లేదు. కలుపు తీసేటప్పుడు ఒకామె చెబితే తక్కిన పదిమందీ అందుకొనే పాటలు ఇప్పుడు ఎవరైనా అడిగితే తప్ప నోట పలకవు. అడిగేవాళ్ళమూ తలా ఒక వూళ్ళో ఉద్యోగాలలో వున్నాము.

ఒక పండుగనాడు మా చిన్నాయన కొడుకు నలుగురు ఆడవాళ్ళను, ఒక ఉరుము వాయించేవాణ్ణి రచ్చకట్ట దగ్గర కూర్చోబెట్టి తన ఫోనులో పాట తీశాడు. అంత బుద్ధి పుట్టడమే గొప్ప. కాని ఉరుము అంటే ఉరుమే గదా. వింటే అంతా ఆ దెబ్బే వినిపిస్తుంది. పాట చెప్పే అవ్వ గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్లు వుంటుంది, మాట తెలియదు. మళ్ళీ పాడించవచ్చులే అనుకొంటుండగానే, ఆ అవ్వ సంక్రాంతికి ముందే కాలం చేసింది. ఆ చరణాలు పూర్తిగా వచ్చినవాళ్ళు వూళ్ళో ఇప్పుడు ఇంకెవరూ లేరు.

వండిన పులుసులో నుంచి ఉప్పు తీయలేము. ఫోనులో గొంతూ, ఉరుమూ, పక్కన దూడ అరుపూ అన్నీ కలిసే ఎక్కాయి. "ఇప్పుడు కంప్యూటరు విడదీస్తుందట గదా" అని చదువుకొన్న పిల్లలు అడుగుతారు. నిజమే. బీటిల్స్ వారిలో ఒకడైన జాన్ లెనన్ 1970లలో ఇంట్లో పియానో వాయిస్తూ క్యాసెట్టు మీద పాడుకొన్న ఒక పాటలో నుంచి అతని గొంతును వేరుచేసి, 2023 నవంబరులో కొత్త పాటగా విడుదల చేశారు. కాని అక్కడ వున్నది ఒక గొంతు, ఒక పియానో. మా వూరి పాటలో నాలుగు గొంతులు ఒకదానిమీద ఒకటి పడివున్నవి. మావాడు ప్రయత్నించి చూశాడు. ఉరుము కొంత తగ్గింది. నాలుగు గొంతులూ మాత్రం ఒకే ముద్దగా మిగిలినవి, పైగా రేకు డబ్బాలో నుంచి వచ్చినట్లు అయింది. కాబట్టి విడదీసే మందును నమ్ముకొనేకంటే, మొదట్లోనే కలపకుండా దాచుకోవడం మేలు.

ఇది పాత సమస్యే. 1902లో గైస్బర్గు అనే దొర గ్రామఫోను కంపెనీ తరఫున కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గారి పాట పట్టినప్పుడు మైకూ లేదు, మిక్సరూ లేదు. పెద్ద గరాటా ముందు నిలబడి పాడాలి. ఆ పద్ధతిలో గట్టి వాద్యం దూరంగా, మెత్తని గొంతు దగ్గరగా నిలబెట్టడమే మిక్సింగు. తర్వాత కరెంటు మైకులు వచ్చినవి, టేపు వచ్చింది, టేపు మీద పక్కపక్కన నాలుగు బాటలు వేసి నాలుగు శబ్దాలు విడివిడిగా దాచే యంత్రాలు వచ్చినవి. మొదట్లో అవి పెద్ద సామానులు, ఎక్కువగా పెద్ద కంపెనీలకే సాధ్యం. 1979లో టీయాక్ వారు మామూలు క్యాసెట్టు మీద నాలుగు బాటలు వేసి, చిన్న మిక్సరును కూడా అదే పెట్టెలో అమర్చి, పోర్టాస్టూడియో అని అమ్మారు. 1982లో అమెరికాలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అనే గాయకుడు ఇంట్లో దాని మీద తీసిన పాటలనే 'నెబ్రాస్కా' అనే రికార్డుగా విడుదల చేశాడు. మనం ఈనాడు ఇంట్లో స్టూడియో అంటున్నది ఆ పెట్టె సంతానమే.

ఇక మిక్సరంటే ఏమిటి? మన రైల్వేవాళ్ళకు సులభంగా చెప్పవచ్చు. గూడ్సు యార్డు అనుకోండి. ఒక్కొక్క లైను మీద ఒక్కొక్క వ్యాగను వస్తుంది, అన్నీ జతచేసి ఒక బండిగా మెయిన్ లైనుకు పంపుతారు. ఒక్కొక్క మైకు ఒక్కొక్క లైను. దాన్నే ఛానలు అంటారు. మైకులో నుంచి వచ్చే కరెంటు వోల్టులో వెయ్యోవంతుల లెక్క. దాన్ని మొదట పెంచే భాగం ప్రీఆంప్, దాని గుండీ పేరు గెయిన్. ఆపైన బొంగురు, సన్నం సవరించే గుండీలు, చివర పైకీ కిందికీ జరిపే ఫేడరు. ఇంతే. మిగతా ప్రతిధ్వని గుండీలూ, రంగురంగుల దీపాలూ దుకాణంలో కంటికి ఇంపుగా వుంటాయి. ఇంటికి వచ్చాక వాటిని ముట్టుకొనేవారిని నేను చూడలేదు.

దుకాణంలో అడగవలసిన ప్రశ్న ఒక్కటే వుంది. ఎన్ని ఛానళ్ళని అడగకండి. "రికార్డు అయ్యేటప్పుడు ఎన్ని విడివిడిగా ఎక్కుతవి?" అని అడగండి. బెంగళూరులో ఒక దుకాణదారు నాకు దీనికి మూడుసార్లు "పన్నెండు ఛానళ్ళు సార్" అనే జవాబు చెప్పాడు. నాలుగోసారి అడిగితే టీ తెప్పించాడు. చివరికి పెట్టె మీది కాగితం చదివితే, కంప్యూటరుకు పోయేవి రెండే. అంటే లైన్లు పన్నెండు, బయటికి పోయే బండి మాత్రం ఎడమ, కుడి కలిసి ఒకటే. చాలా యు.ఎస్.బి. మిక్సర్లు ఇంతే. యమహా వారి ఎం.జి.10 ఎక్స్.యు. మంచి సామాను, పెళ్ళికీ భజనకూ చక్కగా పనికివస్తుంది, కాని యు.ఎస్.బి.లో పోయేవి రెండే. సౌండ్‌క్రాఫ్ట్ సిగ్నేచర్ 12 ఎం.టి.కె. అనేదాంట్లో అయితే 14 విడివిడిగా కంప్యూటరుకు పోతాయి. పేరు చివర ఎం.టి.కె. అంటే మల్టీట్రాకు. టాస్కామ్ మోడల్ 12 కంప్యూటరు లేకుండానే కార్డు మీద 12 బాటలు రాస్తుంది. జూమ్ లైవ్‌ట్రాక్ ఎల్-8 కూడా కార్డు మీద రాసేదే. దానికి ఆరు మైకులు పెట్టవచ్చు, నాలుగు పెన్సిలు బ్యాటరీలతో కూడా నడుస్తుంది.

అయితే అందరికీ ఇవి కావాలా? అక్కరలేదు. మీ అమ్మాయి ఒక్కతే పాడుతుంది, పక్కన హార్మోనియమో వయొలినో ఒకటి, అంతే అయితే అసలు మిక్సరే వద్దు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 వంటి రెండు దారుల పెట్టె చాలు, దాన్ని ఇంటర్‌ఫేసు అంటారు. మన సంఘంలో నన్ను అడిగినవారిలో ముగ్గురికి నేను ఇదే చెప్పాను. ఇద్దరికి కోపం వచ్చింది. ఫేడర్లు లేకపోతే స్టూడియోలా కనబడదట! మిగిలిన డబ్బుతో మంచి మైకు కొనండి. పాట బాగుపడేది అక్కడే.

నలుగురైదుగురు కలిసి పాడేచోట, అంటే చెక్కభజన, కోలాటం, నేను చెప్పిన కలుపు పాటలు, వీటికి విడివిడి బాటలు తప్పనిసరి. లెక్క ఇలా వేసుకోండి. పాట చెప్పే ఆమెకు ఒక మైకు, అందుకొనేవాళ్ళకు ఇద్దరికి ఒకటి చొప్పున రెండు, వాద్యానికి ఒకటి. గది మొత్తానికి దూరంగా ఒకటి అదనంగా వుంచితే మంచిది. ఐదు అయింది, ఆరు వుంటే చాలు. ప్రతి ముఖం ముందూ ఒక మైకు పెట్టకండి. మా వూరి ఆడవాళ్ళు మైకు చూస్తే గొంతు సగం చేసేస్తారు. ఒకే గదిలో ఎన్ని మైకులు పెట్టినా ఒకరి శబ్దం ఇంకొకరి మైకులో కొంత పడుతుంది. అందుకు పాత సూత్రం ఒకటి వుంది. మైకుకూ నోటికీ ఎంత దూరమో, మైకుకూ మైకుకూ దానికి మూడింతలు వుండాలి. జానెడు దూరంలో పాడితే మైకుల మధ్య మూడు జానలన్నమాట.

వాద్యానికి కరెంటు అడగని డైనమిక్ మైకు, గొంతుకు కండెన్సరు మైకు. కండెన్సరుకు 48 వోల్టులు మిక్సరే పంపాలి, దీన్ని ఫాంటమ్ అంటారు. అది వుందో లేదో, ఎన్ని ఛానళ్ళకు వుందో చూసి కొనండి. 24 బిట్లు రాసే సామాను అయితే గెయిన్ బాగా తగ్గించి, గట్టిగా పాడినచోట కూడా ముల్లు మైనస్ 12 దగ్గర ఆగేటట్లు పెట్టండి. ఎర్రదీపం వెలిగిన చరణం పోయినట్లే, తగ్గించి రాసినది తర్వాత పెంచుకోవచ్చు. కార్డు చాలదేమోనని భయపడవద్దు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్‌జులలో ఒక బాటకు నిమిషానికి 8.64 మెగాబైట్లు. ఎనిమిది బాటలు గంటసేపు తీస్తే నాలుగు జీబీల పైచిలుకు. 32 జీబీల కార్డులో ఏడు గంటలు పడుతుంది. అంతసేపు పాడే అవ్వ దొరికితే మన అదృష్టం.

కరెంటు మాట. 2,050 మెగావాట్ల పార్కు పక్కనే వున్నదని మా ఇంట్లో వోల్టేజి ప్రత్యేకంగా స్థిరంగా వుండదు. ఆ కరెంటు పెద్ద తీగలెక్కి గ్రిడ్డుకు పోతుంది, మన స్విచ్చికి వచ్చేది మామూలు లైనే. పాట మధ్యలో కరెంటు పోతే ఫైలు కూడా పోవచ్చు. అందుకని పల్లెకు తీసుకుపోవాలనుకొనేవారు బ్యాటరీ మీద నడిచేదే కొనండి. హిందూపురంలో రైలు దిగి బస్సులో చంకన పెట్టుకొని పోగలిగే బరువు వుండాలి. ఇక్కడ హుబ్బళ్ళి ఇంట్లోనే స్థిరంగా పెట్టేవారికి ఆ చింత లేదు, పెద్ద ఫేడర్ల మోడల్ 12 వంటిదే చేతికి హాయి. ధరలు నెలనెలా మారుతుంటాయి కాబట్టి అంకెలు చెప్పను. ఈ రకంలో ఏదైనా మా వూళ్ళో ఒక ఎకరా ఏడాది గుత్తకు పైమాటే. ఒక్కరు మోయలేకపోతే ముగ్గురు ఇళ్ళవారు కలిసి కొని, తలా ఒక సెలవుకు వూరికి పట్టుకుపోవచ్చు.

గదిని మరవకండి. బండల మిద్దె, సున్నం గోడ, గచ్చు నేల, మూడూ శబ్దాన్ని తిప్పికొడతాయి. అద్దె ఇంట్లో గోడలకు మేకులు కొట్టనివ్వరు కాబట్టి దండెం కట్టి బొంతలు, గొర్రెబొచ్చు కంబళ్ళు వేలాడదీయండి. గొంతుకు అవి చాలు. ఉరుము, డోలు బొంగురు శబ్దాన్ని కంబళి ఆపలేదు, వాటిని బయట చెట్టు కింద తీయడమే మంచిది. ఫ్యాను ఆపండి, ఫ్రిజ్జు ఆపండి. ఫ్రిజ్జు మళ్ళీ వెయ్యడం మరచిపోతే ఇంట్లో జరిగేదానికి నేను బాధ్యుణ్ణి కాను.

ఇంకొకటి. ప్రతి పాటకు ముందు పాడేవారి పేరు, వూరు, తేదీ వారి నోటితోనే చెప్పించి రాయండి. ఆమె ఒప్పుకోనిదే ఆ పాట ఫోన్లలో తిరగనివ్వకండి. బిరుదురాజు రామరాజుగారి వంటివారు మన జానపద గేయాల మీద ఎంతో శ్రమించి, 1958 నాటికే గ్రంథం వెలువరించారు. మాట కాగితం మీద నిలిచింది. వరస నిలవాలంటే చెవికి ఎక్కే సాధనమే కావాలి.

చివరగా కార్యదర్శిగారు అడిగిన ప్రశ్న: మన సంఘానికి వున్న పాత మిక్సరును అమ్మేయాలా? వద్దు. వెనుకవైపు ఛానలు ఛానలుకూ ఇన్సర్ట్ అని రాసిన రంధ్రం వుందేమో చూడాలి. చాలా మిక్సర్లలో దానిలోకి జాకును మొదటి క్లిక్కు వరకే దోపితే, ఆ మైకు శబ్దం కలపకముందే బయటికి వస్తుంది. పూర్తిగా దోపితే మిక్సరులో ఆ ఛానలు ఆగిపోతుంది, అది గుర్తుంచుకోవాలి. అలా నాలుగు ఛానళ్ళు తీసి, నాలుగు దారుల ఇంటర్‌ఫేసు ఒకటి కొని కలిపితే పాత సామానుతోనే నాలుగు గొంతులు విడివిడిగా ఎక్కుతాయి. అధ్యక్షులవారు అనుమతిస్తే, మైకువాళ్ళు సర్దుకొనేలోగా దాన్ని తిప్పి ఆ రంధ్రాలు వున్నాయో లేవో ఇక్కడే చూద్దాము.