కొల్లేటికి నీరు వచ్చే దారి, పోయే దారి

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి ముందు మాట్లాడినవారు చక్కగా చెప్పారు. నాకిచ్చిన పది నిమిషాలు కొల్లేటి గురించి మాట్లాడతాను. ఏలూరువారికి, తాడేపల్లిగూడెంవారికి, లంక గ్రామాల నుంచి వచ్చినవారికి ఇది ఇంటి విషయమే.

మన ప్రాంతంలో నీటి హక్కు అనగానే కాలువ నీరే గుర్తుకొస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. గోదావరి కాలువ, కృష్ణా కాలువ వచ్చి మన ఏలూరులో కలిశాయి. అప్పటినుంచి వంతులు, నీటి తీరువా, ఎగువ రైతుకూ శివారు రైతుకూ తగాదాలు చూస్తూనే ఉన్నాం. 1997లో చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలు కూడా పెట్టారు. ఇదంతా నీరు వచ్చే దారి గురించి. నీరు పోయే దారిని అడిగేవారే లేరు. నేను మనవి చేయదలచినది అదే.

మన ఆఫీసుల్లో ఇన్‌వర్డు, అవుట్‌వర్డు అని రెండు రిజిస్టర్లుండేవి. కొల్లేటికి ఇన్‌వర్డు చాలా ఎక్కువ. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వీటికితోడు రెండు డెల్టాల మురుగు కాలువలు. అవుట్‌వర్డు మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. సుమారు అరవై కిలోమీటర్లు పారి సముద్రంలో కలుస్తుంది. సముద్రం పోటు మీదుంటే ఆ కాస్త నీరూ నెమ్మదిగా లాగుతుంది. అందాకా వరదను కడుపులో దాచుకునేది సరస్సే.

ఎంత దాచుకోగలదో లెక్క ఉంది. పదో కాంటూరు దాకా నిండితే 901 చదరపు కిలోమీటర్లు. అయిదో కాంటూరుకు 308. మూడో కాంటూరుకు 135 మాత్రమే. కాంటూరు అంటే సముద్రమట్టానికి అన్ని అడుగుల ఎత్తు. రెండడుగులు దిగితే సగానికి పైగా సరస్సు పోతుంది. ఆ అంకెల మీద ఇంత పోరాటం అందుకే.

1964 వరదల తరువాత మిత్రా కమిటీ వేశారు. 1968లో డ్రైనేజి సెస్సు చట్టం వచ్చింది. మురుగు పోవటానికి కూడా డబ్బు ఖర్చవుతుందని సర్కారు ఒప్పుకున్న సందర్భమది. 1976లో మత్స్యకారుల, హరిజనుల సొసైటీలకు సరస్సు భూముల్లో చేపల చెరువులకు అనుమతిచ్చారు. ఉద్దేశం మంచిదే. తరువాత బయటి పెట్టుబడి వచ్చింది. పేరు సొసైటీది, ఫలం లీజుదారుది అయింది. గట్టు మీద గట్టు లేచి ఉప్పుటేరు వైపు వెళ్ళే నీటికి అడ్డుపడింది.

1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశంతో గట్లు పేల్చి తీశారు. 2008లో మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదించవద్దన్నది. ఈలోగా గట్లు చాలాచోట్ల మళ్ళీ లేచాయి.

ఇందులో ఒక న్యాయం మరచిపోకూడదు. అయిదో కాంటూరు లోపల జిరాయితీ పట్టా ఉన్న రైతు నేరం చేయలేదు. అతని భూమి కావాలంటే పరిహారం ఇవ్వాలి. వల వేసుకుని బతికే లంకలవారికి బతుకుతెరువు చూపాలి. ఆ రెండూ చేయకుండా గట్లు తీస్తే, తీసినవాళ్ళు వెళ్ళగానే మళ్ళీ కడతారు. అది చూశాం కూడా.

తాడేపల్లిగూడెం మిత్రులు కొల్లేరు మాకు దూరం అనవచ్చు. మీ ఎర్రకాలువ కొల్లేటికి రాదు, నిజమే. నందమూరు అక్విడక్టు దగ్గర ఏలూరు కాలువ కిందుగా దాటి, యనమదుర్రు డ్రెయినై సముద్రానికి పోతుంది. జబ్బు మాత్రం ఒకటే. అక్కడ నీరు లాగకపోతే మీ వరిచేలు మునుగుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పడి విజయవాడ మునిగింది. ఆ నీరే దిగివచ్చి ఏలూరు–కైకలూరు రోడ్డును ముంచింది. ఎగువవారి వరద దిగువవారి వాకిట్లోకే వస్తుంది.

మనం ఏం చేయగలం? ఉద్యమాలు చేసే వయసు కాదు. కాని రికార్డు చదవటం మనకు వచ్చు. గ్రామ పటం, ఎఫ్.ఎం.బి., అడంగల్ ముందు పెట్టుకుంటే వాగు పోరంబోకు ఎంత వెడల్పో తెలుస్తుంది. నేల మీద ఎంత మిగిలిందో కొలిస్తే తేడా బయటపడుతుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద నకళ్ళు అడిగి గ్రామసభలో పెట్టవచ్చు. వానలకు ముందే డ్రెయిన్లలో గుర్రపుడెక్క తీయించమని అర్జీ రాయవచ్చు. అర్జీ ఎలా రాయాలో మనకంటే బాగా తెలిసినవారెవరు?

ఇంకొక్కమాట. మీ పిల్లలు ఇంటిస్థలం కొంటుంటే ధర అడిగే ముందు పటం అడగమనండి. వాగు దారిలో కట్టిన ఇంటికి రిజిస్ట్రేషను ఉండవచ్చు. వాగుకు మాత్రం ఆ రిజిస్ట్రేషనుతో పనిలేదు.

ఈ సమావేశం నుంచి మండలానికి ఇద్దరు చొప్పున ముందుకు వస్తే, నాకు తెలిసినంతవరకు పటాలు చదవటంలో సాయపడతాను. పేర్లు కార్యదర్శిగారికి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.