పెట్టెలో పెట్టే ముందు



హైమన్‌డార్ఫ్ దొర 1940లలో మార్లవాయిలో ఉండి మన గోండుల జీవితం రాసిన సంగతి మీకు తెలుసు. ఆయన తీసిన ఫోటోలు, ఫిల్ములు, కాగితాలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ గ్రంథాలయంలో ఉన్నాయి. అంత దూరం పోయాయని బాధపడేవాళ్లున్నారు. పాడవకుండా ఉన్నాయి కదా అని మేమంటాం.

ఇప్పుడు మనమూ ఇంటింటా పాత ఫోటోలు, పాటల క్యాసెట్లు పోగు చేస్తున్నాం. పరిశోధన గ్రంథాలయాల్లో కొత్తగా వచ్చినవాటిని నేరుగా బీరువాలో పెట్టరు. పురుగు, బూజు ఉన్నాయేమోనని ముందు విడిగా ఉంచుతారు. ఎవరిచ్చారు, ఎప్పుడు, ఏ షరతు మీద అన్నది రాసి సంతకం తీసుకుంటారు. వచ్చిన కట్టల వరుస చెదరనివ్వరు. స్టాక్ రిజిస్టరుతో రోజూ కుస్తీ పట్టే మా వార్డెన్లకు ఇదేం కొత్త కాదు.

షరతు దగ్గర మాత్రం తొందరపడకండి. పెర్సాపేన్ పూజలో ప్రధాన్ పాడిన పాట అందరూ వినొచ్చా, ఆ ఇంటిపేరువాళ్లే వినాలా? కటోడాను అడగండి. ఆయన వద్దంటే వద్దనే రాయండి.

ఇక ఫోటోలు. 'గోండు మహిళ' అని రాసి వదిలేస్తే ఆమె ఎవరి నానమ్మో రేపు ఎవరూ చెప్పలేరు. పేరు, ఊరు, ఇంటిపేరు, సగ అన్నీ అడగండి. ఫోటో వెనక పెన్ను వాడొద్దు, మెత్తని పెన్సిల్‌తో తేలిగ్గా రాయండి. ఆ ముఖాలను గుర్తుపట్టే పెద్దలు కొద్దిమందే మిగిలారు. ఈ దండారికి ఊళ్లకు పోయేటప్పుడు రిజిస్టరు వెంట ఉండాలి.