వంకర పండ్లు - క్లిప్పుల ఖర్చు



కొన్ని మాసముల క్రిందట మహబూబ్‌నగర్ జిల్లా రైతు ఒకడు పదుమూడేండ్ల కుమార్తెను వెంటబెట్టుకొని నా వైద్యశాలకు వచ్చెను. ఆమె పై కోరపండ్లు రెండును పన్నుమీద పన్నుగా వచ్చినవి. నవ్వు వచ్చినప్పుడెల్ల అరచేతితో నోరు మూసికొనుచుండెను. తండ్రి ఇంకను కూర్చుండకయే, "డాక్టరుగారూ, క్లిప్పులకు ఎంతవుతుందండీ?" అని అడిగెను.

అడుగవలసిన ప్రశ్నయే. నేడు నగరములలోని ప్రైవేటు వైద్యశాలలలో లోహపు క్లిప్పులకు సుమారు 30,000 మొదలు 60,000 రూపాయల వరకు అగుచున్నది. పంటిరంగు సెరామిక్ క్లిప్పులకు అంతకంటె ఎక్కువ. తీసి పెట్టుకొను పారదర్శకపు తొడుగులు, అనగా అలైనర్లు, లక్ష దాటుట సాధారణము.

ఈ సొమ్ము తీగ వెల కాదు. పన్ను గోడలో దిగగొట్టిన మేకువంటిది కాదు. మెల్లని ఒత్తిడి విడువక తగిలినచో, ఒత్తిడి పడిన వైపున ఎముక కరగును. రెండవ వైపున క్రొత్త ఎముక పేరుకొనును. ఈ విధముగా పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు నడచును. తొందరపడి బలముగా లాగినచో వేరు అరుగు ప్రమాదము కలదు. పెండ్లి ముహూర్తము పెట్టుకొని మూడు నెలలలో సరిచేయుమని వచ్చువారికి నేను చెప్పు సమాధానము ఇదియే. ఏడాదిన్నర, రెండేండ్లు, ఇంచుమించు నెలకొకమారు రావలసియుండును. బస్సు చార్జీలు, పోయిన కూలి, మానిన బడి ఏ వైద్యుని రసీదులోను కనబడవు.

నాలుగేండ్ల క్రిందట ఒక బాలునికి స్థలము చాలక నాలుగు పండ్లు తీసి క్లిప్పులు వేసితిని. తొమ్మిదవ నెలలో వారి పైరు పోయెను. వారు రాక మానిరి. ఏడాదికి మరల వచ్చునప్పటికి ఖాళీలు అట్లే యున్నవి. క్లిప్పుల చుట్టును పండ్లు పుచ్చినవి. ధర చెప్పితిని గాని, రెండేండ్లు రాగలరా యని అడుగనైతిని. ఆ తప్పు నాదే.

కనుక ఈ రైతును ముందుగా అదియే అడిగితిని. అతడు వ్రేళ్లమీద లెక్కించుకొని మౌనము వహించెను.

తక్కువ ఖర్చు మార్గములు లేకపోలేదు. ఒకటి రెండు పండ్లు కొంచెము వాలియున్నచో తీసి పెట్టుకొను ప్లేటు చాలును. ఈ బాలిక కోరపండ్లకు అది చాలదు. నమలుటకు, తోముకొనుటకు అడ్డములేని చిన్న వంకరను ఏమియు చేయక విడువవచ్చును. పాలపన్ను పుచ్చి ముందే పోయినచో ప్రక్కపన్ను ఆ చోటికి జరుగును. అప్పుడే చిన్న తీగకట్టు వేయించినచో పిమ్మటి పెద్ద ఖర్చు కొంత తప్పవచ్చును. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోను, విజయవాడలోను, కడపలోను ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు కలవు. అచట ఖర్చు మిక్కిలి తక్కువ, వేచియుండుట ఎక్కువ.

ఎచటికి పోయినను రిటైనరు సంగతి ముందే అడుగుడు. క్లిప్పులు విప్పిన పిమ్మట పండ్లు పాతచోటికి మరల జూచును. వానిని నిలుపునది అదియే. దాని వెలను కొందరు మొత్తములో చేర్తురు, కొందరు చేర్చరు.

ఆ బాలిక ఇప్పుడు అఫ్జల్‌గంజ్‌లో వైద్యము పొందుచున్నది. వెంట తల్లి పోవుచున్నదట. తెలంగాణలో 2023 డిసెంబరు నుండి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు లేదు గదా! తండ్రి లెక్కలో ఆ సంగతి రాలేదు, తల్లికి తోచినది.